ఆకలి బూజు

పళ్లేల గది తలుపు తీయగానే బసవయ్య సేటు చేతులు జోడించాడు. మహంకాళమ్మ గుడి ముందర కూడా ఆయన అంత భక్తిగా నిలబడగా వరమ్మ ఎన్నడూ చూడలేదు.

గది చీకటిగా, వెచ్చగా ఉంది. వానకు తడిసిన గడ్డివాము వాసన వేస్తోంది. బల్లల మీద వరసగా పరిచిన సత్తు పళ్లేలన్నిటిలోనూ బూజు కట్టింది. అట్లాంటిట్లాంటి బూజు కాదు. జొన్నరొట్టె మందాన, ముడతలు పడి, పైన కాటుక చల్లినట్టు నిగనిగలాడుతోంది.

“అరె వాహ్! ఏం పెరిగింది, ఏం పెరిగింది!” అన్నాడు సేటు. “అజ్మత్ సాబ్, నీ బూజు మా అల్లుని కంటె మంచిగ తింటున్నదయ్యా.”

“మీ అల్లుడు తిన్నంక పండుకుంటడు సేటు. ఇదన్న పని జేస్తదో లేదో చూడాలె,” అంది పళ్లేలు కడిగే సక్కుబాయి. ఆమెకు తల నెరిసింది గానీ నోరు నెరవలేదు.

అజ్మత్ అలీ నవ్వలేదు. లాంతరు ఎత్తి పట్టుకుని ఒక్కొక్క పళ్లెమే చూసుకుంటూ పోయాడు. “సీసాలల్ల పెంచినప్పుడు గింతగనం పెరగలే,” అని తనలో తాను అనుకున్నాడు. ఆ మాట వెనకాలే నిలబడ్డ వరమ్మ చెవిన పడింది. పడింది గానీ లోపలికి పోలేదు. ఆమె ప్రాణమంతా బయట తలుపు పక్కన కట్టిన చీర ఉయ్యాల మీద ఉంది. ఉయ్యాలలో పిల్ల దగ్గుతోంది.

యుద్ధం మొదలయ్యాక ఇంగ్లండు సీమ నుంచి ఓడలు రావడం తగ్గింది. ఓడల్లో వచ్చే సామాన్లలో నిమ్మ ఉప్పు ఒకటి. షర్బత్తుకు పులుపు అదే, సోడాకు అదే, దవాఖానాలో పొంగే మందుకూ అదే. ఇప్పుడు బేగంబజారంతా తిరిగినా చిటికెడు దొరకదు. లాల్‌దర్వాజా గల్లీలో తాతలనాటి షర్బత్ కార్ఖానా నడిపే బసవయ్యకు నిద్ర పట్టకుండా పోయింది. పులుపు లేని షర్బత్ వట్టి పాకం నీళ్లు. రంజాన్ నెలలో అది ఎవరు తాగుతారు?

అట్లాంటప్పుడు వచ్చాడు అజ్మత్ అలీ. కాలేజీలో రసాయనాలు చదువుకున్నవాడు. నిమ్మ ఉప్పు నిమ్మకాయలోంచే రావాలని లేదని, చక్కెర నీళ్ల మీద ఒక జాతి నల్లబూజును పెంచితే అది చక్కెర తిని పులుపు వదులుతుందని, ఆ పులుపులోంచి నిమ్మ ఉప్పు తీయొచ్చని చెప్పాడు. సేటు కడుపు పట్టుకుని నవ్వాడు. అజ్మత్ తన ఇంట్లో గాజుసీసాల్లో పెంచిన నీళ్లు ఒక బొట్టు ఆయన నాలుక మీద వేశాడు. నవ్వుతున్న మూతి అట్లాగే ముడుచుకుపోయింది. మర్నాడే పెరట్లో సోడాబుడ్లు పెట్టుకునే కొట్టం ఖాళీ అయింది. షర్బత్తుకని పర్మిట్ మీద వచ్చే చక్కెరలో కొంత ఈ పనికి కేటాయించాడు సేటు.

పని చెప్పుకోవడానికి పెద్దదేమీ కాదు. కళాయి పూసిన రాగి దేక్చాలో పాకం కాచాలి. చల్లారినాక పళ్లేల్లో పోయాలి. అజ్మత్ అలీ సీసాలోంచి బూజు గింజల నల్లపొడి పైన చల్లుతాడు. తలుపు మూసేస్తే మిగతాది బూజు చూసుకుంటుంది. కాచేది వరమ్మ, కడిగేది సక్కుబాయి. అయితే వరమ్మకు ఇది పని మాత్రమే కాదు. పిల్లను పక్కన పెట్టుకుని చేయగలిగే చోటు ఊరు మొత్తం మీద ఇది ఒక్కటే దొరికింది.

అంతకుముందు ఆమె ఒక నవాబు బంగళాలో, పెద్ద దేవిడీలో, అంట్లు తోమేది. అప్పటికి మొదటి కొడుకు పాలు తాగే పిల్లవాడు. వాడిని అత్త దగ్గర వదిలి పోయేది. ఒకనాడు పొద్దున వాడికి ఒళ్లు కాలిపోయింది. అత్త మనిషిని పంపింది. ఆ మనిషి వచ్చి దేవిడీ గేటు దగ్గర నిలబడ్డాడు. గేటు కాడి జవాను, లోపల దావత్ నడుస్తోంది, ఇప్పుడు ఎవరినీ పిలవడానికి లేదన్నాడు. మాట వరమ్మ దాకా వచ్చేసరికి పొద్దు గూకింది. ఆమె ఇంటికి వచ్చేసరికి వాడిని కింద పడుకోబెట్టి ఉన్నారు. మొగుడు సీతారాం బేగంబజార్‌లో మోసిన బస్తాల దుమ్ము కూడా దులుపుకోకుండా వాడి కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

అప్పటి నుంచి గేటు ఉన్న పనికి పోనని ఒట్టు పెట్టుకుంది. తనకూ పిల్లకూ మధ్య తలుపు ఉండకూడదు. రెండో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. పుష్ప అని పిలుస్తారు. మంత్రసాని బొడ్డు కోసి, పిల్లను చాటలో వేసి, పక్కన గుర్రపు నాడాకు కొట్టే మేకు ఒకటి పెట్టింది. “ఇనుము దగ్గరుంటె ఏ గాలి సోకదు బిడ్డా. ఇడ్సిపెట్టకు,” అంది. వరమ్మ ఇడిచిపెట్టలేదు. పిల్ల ఏడ నిద్రపోతే ఆ బొంత కింద మేకు ఉంటుంది.

కొట్టంలో చేరిన మొదటి రోజు నుంచీ ఆమె గుండెలో ఒకటే గుబులు. తీపి పదార్థాన్ని మూత లేకుండా చీకటింట్లో దినాల తరబడి పెట్టి తలుపు వేయడమేంది? ఆ తీపికి ఏది రాకుండా ఉంటుంది? అరిసెలు నాలుగు ఊరికి మోసుకుపోతేనే మూటలో ఇనుపముక్క వేసి పంపుతారు గదా. వచ్చిన గాలి చక్కెర తిని ఊరుకుంటుందా, గోడ అవతల ఉయ్యాల కనబడితే? పైగా అజ్మత్ అలీ సీసా మూత తీసినప్పుడల్లా నల్లపొడి లేచి ఉయ్యాల మీద పడుతోంది. పిల్ల దగ్గు ఆ పొడితోనే మొదలైంది.

అందుకని మొదటిసారి పెద్ద దేక్చాలో పాకం కాస్తున్నప్పుడు, ఎవరూ చూడకుండా బొంత కింది మేకు తీసి అందులో వేసింది. పాకం మరిగింది, తెల్లవార్లూ చల్లారింది, పళ్లేల్లోకి పోయింది. మేకు దేక్చా అడుగున మిగిలింది. తీసి కడిగి మళ్లీ బొంత కింద పెట్టుకుంది. ఆ రోజు ఆమెకు కాస్త నిమ్మళంగా ఊపిరి ఆడింది.

ఇప్పుడు బూజు ఇట్లా పెరిగిందంటే మేకు మహిమేనని లోలోపల అనుకుంది కూడా.

సేటు పెరటి తలుపు బార్లా తీసి గల్లీ అంతటినీ పిలిచాడు. అత్తరు దుకాణం నసీరుద్దీన్ వచ్చాడు, గాజుల దుకాణపు వాళ్లు వచ్చారు, ముక్కులు మూసుకుని చూసి పోయారు. జనమంతా పోయాక అజ్మత్ అలీ బూజు దుప్పటి ఒక పక్కకు తీసి, కింది నీళ్లు వేలితో ముట్టి నాలుక మీద పెట్టుకున్నాడు. మరో పళ్లెం. మరొకటి.

“ఏమైంది సాబ్?” అన్నాడు సేటు.

“చప్పగ ఉన్నది.”

“చప్పగేంది?”

“తీపి లేదు, పులుపు లేదు. చక్కెర మొత్తం తిన్నది సేట్. మనకేం ఇయ్యలే.”

అయినా దింపుడు కళ్లం ఆశ అన్నట్టు ఆ నీళ్లను కాచి సున్నం కలిపాడు. పులుపు ఉంటే తెల్లటి పిండిలా అడుగుకు దిగాలి. అడుగున ఏమీ దిగలేదు. దేక్చా చుట్టూ నలుగురూ కూర్చుని కాసేపు ఆ మురికినీళ్లనే చూశారు.

“నరుని దిష్టికి నాపరాయి పగులుతదంటరు,” అన్నాడు సేటు లేస్తూ. “ఊరోళ్లందర్నీ పిలిచి చూపెట్టిన. నాదే బుద్ధి తక్కువ.”

“సేట్, దిష్టి కాదు. నా మాట ఇను, దీనికి ఒక…”

“సాబ్, ఇంకొక్కపారి చక్కెర ఇస్త. గది గూడ గిట్లనే అయితె కొట్టంల మళ్ల సోడాబుడ్లే. నువ్వు మీ ఇంటికి, వీళ్లు వీళ్ల ఇండ్లకు.” చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

వరమ్మ పిల్లను చంకకు ఎత్తుకుంది. ఈ కొట్టం పోతే మళ్లీ దేవిడీయే. మళ్లీ గేటు.

మర్నాడు అజ్మత్ అలీ కళాయివాడు ఖదీర్‌ను పిలిపించి దేక్చాకు కొత్త కళాయి పూయించాడు. సక్కుబాయి నీళ్లకు పోయింది. అతను దేక్చా లోపల తల పెట్టి వేలితో తడిమి చూస్తున్నాడు. రెండు రాత్రుల నిద్ర లేని మొహం.

“ఏం చూస్తున్నరు సాబ్?” అంది వరమ్మ.

“ఇనుము. ఎక్కడన్న రవ్వ అంటిందా అని.”

వరమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. “ఇనుము అంటితే ఏమైతది?”

“ఈ బూజుకు ఇనుమంటే మస్తు ఇష్టం. గుండుసూది మొనంత కరిగినా చాలు, బాగ తింటది, బాగ పెరుగుతది, నల్లగ గింజలు పెడతది. మనకు పులుపు మాత్రం ఇయ్యదు. ఆకలితోని, యాష్టపడుకుంట బతికితేనే పులుపు ఇడుస్తది. సీసాలల్ల గట్లనే సన్నగ, తెల్లగ పెరిగె.” అతను దేక్చాలోంచి తల తీశాడు. “నాకేమో కళాయి మీదనే అనుమానం. పాపం ఖదీర్ భాయ్‌ని తిట్టిన గూడ.”

వరమ్మ మళ్లీ ఊడవసాగింది. చెబితే సేటు ఆ సాయంత్రానికే పొమ్మంటాడు. చెప్పకపోతే? మేకు వేయకుండా ఉంటే సరిపోతుంది గదా. ఎవరికీ తెలియదు. పులుపు వస్తుంది, కొట్టం ఉంటుంది. కానీ అప్పుడు ఆ చీకటి గదికీ తన పిల్లకూ నడుమ కాపలా ఎవరు? ఆకలితో ఉంచాలట. తిండికి లేనిదాన్ని పిల్ల పక్క గదిలో పెట్టి తలుపు వేయాలట.

మేకును కొంగున ముడి వేసుకుంది. బొంత కింద ఉంటే తన చేయి ఊరుకోదని ఆమెకు తెలుసు.

రెండోసారి పాకం కాచిన రోజు సేటు కొబ్బరికాయతో వచ్చాడు. పొయ్యి ముందు కాయ కొట్టి, ఊదుబత్తులు తిప్పాడు. పిల్ల ఏడ్చింది. వరమ్మ గోడ వైపు తిరిగి పాలిచ్చింది. సేటు దేక్చా చుట్టూ తిరిగి, ఏదో గొణుక్కుని, దండం పెట్టుకుని పోయాడు.

పాకం చల్లారే లోపల పిల్లకు జ్వరం వచ్చింది.

ఒళ్లు ముట్టుకుంటే పెనంలా ఉంది. చూశావా, అనుకుంది వరమ్మ. తీశావు, వచ్చింది. వేళ్లు తమంతట తామే కొంగు ముడి విప్పాయి. దేక్చా మూత ఎత్తితే తీపి ఆవిరి మొహానికి కొట్టింది. ఒక్క క్షణం పని. అట్లా వేస్తే పిల్ల జ్వరం దిగుతుందేమో. కొట్టం మాత్రం పోతుంది, పిల్ల మళ్లీ గేటు బయట పడుతుంది. వేయకపోతే…

“ఏందే పిల్లా, పాకంల మొకం చూసుకుంటున్నవా?” అంటూ సక్కుబాయి వచ్చింది. వరమ్మ మూత పెట్టేసింది. సక్కుబాయి పిల్ల నుదురు ముట్టుకుంది. “అయ్యో, కాలుతున్నది గదనే! ఫికర్ జెయ్యకు. హకీం కాడికి తోల్కపో. పోసుడు, కడుగుడు నేను జూస్కుంట.”

హకీం కషాయం పొడి ఇచ్చాడు, దుమ్ము తగలనీయొద్దన్నాడు. జ్వరం పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. వరమ్మ పిల్లను వీపుకు కట్టుకునే షర్బత్తు పొయ్యి ఊదింది. ఎప్పుడు తింటోందో, ఎప్పుడు కునుకు తీస్తోందో ఆమెకే తెలియడం లేదు. మూసిన గది ముందు నుంచి పోయినప్పుడల్లా కొంగు ముడి తడుముకునేది. ఒక్కటే ఆశ: తలుపు తీసినప్పుడు బూజు సన్నగా, తెల్లగా ఉండాలి. అప్పుడు ఇన్నాళ్ల భయానికి ఒక అర్థం ఉంటుంది.

తలుపు తీసిన రోజు లాంతరు ముందుగా లోపలికి పోయింది. దాని వెనక అజ్మత్ అలీ.

జొన్నరొట్టె మందాన, నల్లగా, నిగనిగలాడుతూ ఉంది బూజు.

అతను రుచి కూడా చూడలేదు. వచ్చి పొయ్యి గట్టు మీద కూలబడ్డాడు. సేటు గుమ్మంలోంచే తొంగి చూసి నిట్టూర్చాడు.

“ఇగ బస్ సాబ్. నువ్వు మంచోనివే. కానీ నా నసీబుల లేదు.”

మేకు వేయలేదు గదా, అనుకుంది వరమ్మ. పిల్ల జ్వరంతో మూలుగుతున్నా వేయలేదు గదా! అయినా ఇట్లాగే అయిందంటే ఇనుము తప్పు కాదా? మరి ఇంత యాతన ఎందుకు పడ్డట్టు?

అజ్మత్ అలీ లేచాడు. వెళ్లిపోయే ముందు సామాను సర్దుకునే మనిషిలా దేక్చాను చెవి పట్టి ఒరిగించాడు. లోపల ఠంగున ఏదో జారింది. చేయి పెట్టి తీశాడు. సగం విరిగిన గుర్రపు నాడా.

“యే క్యా హై?” అన్నాడు చాలా మెల్లగా.

అతని చూపు తన మీదికి తిరగడం చూసి వరమ్మ గొంతులోంచి మాట తన్నుకొచ్చింది. “అది నాది కాదు సాబ్! మహంకాళమ్మ తోడు! నాది నా కొంగులనే ఉన్నది!”

అని, ఏమన్నదో తెలిసి, కొంగును గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

“నీదేంది?” అన్నాడు సేటు.

ఇక దాచడానికి ఏముంది? ముడి విప్పింది. అరచేతిలో మేకు. మొదటిసారి వేశానని, సాబ్ చెప్పాక మానేశానని, పిల్లకు జ్వరం వచ్చినా వేయలేదని తల దించుకుని చెప్పింది. దేవిడీ గేటు సంగతి కూడా ఎందుకో చెప్పేసింది. చెప్పడానికి కూడా ఓపిక లేని గొంతుతో చెప్పింది.

సేటు నోరు తెరిచాడు. “అంటె నా చక్కెరంత నువ్వే…”

“సేటూ,” అంది సక్కుబాయి, “గా నాడా మీ గల్లాపెట్టె కిందుండే నాడా గాదు?”

సేటు నాడా మీంచి చూపు తిప్పుకున్నాడు.

“మొన్న దేక్చా కడిగేటప్పుడు నాకు దొర్కింది. సేటుది గదా, దేవునికి మొక్కి ఏసిండు గావచ్చు, తీస్తె పాపమని మంచిగ తోమి మళ్ల అండ్లనే పెట్టిన,” అంది ఆమె నిండు మనసుతో.

“దిష్టికి ఏసిన,” అన్నాడు సేటు చివరికి, నేల చూస్తూ. “దిష్టికి ఇనుము గాక ఇంకేమేస్తరు?”

“నేను బొగ్గేసిన,” అంది సక్కుబాయి.

అజ్మత్ అలీ ఆమె వైపు తిరిగాడు.

“రెండు పార్లు. ఇనుము కాదు గదా సాబ్, బొగ్గే! సిన్న ముక్క.”

“బొగ్గు పర్వాలే,” అన్నాడు అజ్మత్ అలీ. గట్టు మీద మళ్లీ కూర్చుని రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. అతను నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వాళ్లకు అంతు పట్టలేదు. “నేను పుస్తకాలల్ల ఎతికిన. కళాయిల ఎతికిన. గండిపేట నీళ్లల్ల ఎతికిన. ఖదీర్‌ను తిట్టిన. మా అమ్మీ గూడ ఈ పని మొదలువెట్టిన నాడు నా చేతికి ఇమామ్ జామిన్ తాయెత్తు కట్టింది సేట్. కానీ నేను దాన్ని దేక్చాల ముంచలే గదా!”

సక్కుబాయి ముందు నవ్వింది. తర్వాత సేటు, మీసాల కింద. వరమ్మకు నవ్వు రాలేదు. తనను పొమ్మంటారా, ఉండమంటారా అన్న ఒక్క మాట కోసం నిలబడి ఉంది.

సేటుకు ఆమెను పొమ్మనడానికి మొహం చెల్లలేదు. పొమ్మంటే తాను కూడా వెంట పోవాలి. “ఇంకొక్క మూట చక్కెర తెప్పిస్త,” అన్నాడు గోడతో. “ఈపారి ఎవ్వలేమన్న ఏసినరంటె, నేనైనా సరే, కాళ్లిరుగుతయ్.”

అజ్మత్ అలీ ఇనుమంతా గడప బయటే ఉండాలన్నాడు. సేటు నాడాను తలుపు పైన కొట్టడానికి సుత్తి తెచ్చి, వరమ్మ ముందు చేయి చాపాడు. “నీ మేకు ఇయ్యి. దీనికి సరిగ్గ సరిపోతది.”

“ఇయ్య సేటూ,” అంది వరమ్మ. “ఇది పిల్లది.”

సేటు గొణుక్కుంటూ వేరే మేకు వెతుక్కోవడానికి పోయాడు.

“వరమ్మా,” అన్నాడు అజ్మత్ అలీ. “ఉయ్యాల ఆ తలుపు కాన్నుంచి తీసి పొయ్యి దిక్కు కట్టు. ఆ నల్లపొడి పసిగొంతుకు మంచిది కాదు. ముందే చెప్పాలె నేను. నా ఖయాల్ అంత పళ్లేల మీదనే ఉండె.”

ఉయ్యాల మారింది. పొయ్యి దగ్గర కూర్చుంటే చేయి చాచినంత దూరం. మేకు బొంత కిందికి తిరిగి వచ్చింది.

మూడోసారి తలుపు తీసినప్పుడు సేటు దండం పెట్టలేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు. పళ్లేల్లో బూజు పలచగా, పాలిపోయి, అక్కడక్కడా చినిగిన తెల్లబట్టలా ఉంది. ఎదిగీ ఎదగక, ముడుచుకుని. పొయ్యి దగ్గర పుష్ప నిద్రలో ఒకసారి దగ్గి ఊరుకుంది. వరమ్మ ఆ పళ్లేలను ఎక్కువసేపు చూడలేకపోయింది. పిల్ల నోట్లో ముద్ద పెట్టడం తప్ప మరో ధ్యాస లేని మనిషి ఆమె; దీన్ని ఇట్లా మాడ్చడానికి పొయ్యి ఊదింది తన చేతులే.

అజ్మత్ అలీ వేలు ముంచి నాలుకకు తగిలించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పక్కకు జరిగి, వరమ్మకు చోటిచ్చాడు.

ఆమె కూడా వేలు ముంచింది. పులుపు పళ్లలోకి, దవడల్లోకి, చెవుల దాకా కొట్టింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

“పుల్లగున్నదా?” గుమ్మంలోంచి సేటు గొంతు. “ఏమే, పుల్లగున్నదా లేదా? చెప్పరేందే!”

వరమ్మ తల ఊపింది. ఉయ్యాలలో పిల్ల లేచి ఏడుపు అందుకుంది. ఆమె నీళ్ల తొట్టి దగ్గర చేయి కడుక్కుంది. పులుపు పోలేదని మళ్లీ కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని పోయి పిల్లను ఎత్తుకుని, పొయ్యి గోడకు చేరగిలబడింది. పాలు తాగుతూ పిల్ల ఆమె వేలు పట్టుకుని చీకబోయి, మొహమంతా వికారంగా ముడిచింది.

“ఓ, బిడ్డకు గూడ తెలిసింది,” అంది సక్కుబాయి, పళ్లేలు కడగడానికి ఎత్తుకుంటూ. “లే పిల్లా. పాకం బెట్టాలె మళ్ల.”

“పెడత అవ్వా,” అంది వరమ్మ. కళ్లు తెరవకుండానే అంది. “ఇది తాగనీ.”